వందలో వెళ్లే బండికి ఎన్ని పిచ్‌లు కావాలి?

ఉప్పల్ స్టేడియంలో పిచ్ పొడవు 22 గజాలు, అంటే 20 మీటర్లు. మైదానంలోనో టీవీలోనో చూసిన దూరమే కాబట్టి అందరికీ కళ్లలో ఉంటుంది. ఈ కథనంలో దాన్నే కొలబద్దగా పెట్టుకుందాం.

చివరి మెట్రో వెళ్లిపోయాక, ఉప్పల్ రింగు రోడ్డు మీదో హబ్సిగూడ నుంచి నాచారం వచ్చే దారిలోనో పందేలు కాసే బైకుల సైలెన్సర్ల మోతకి ఎప్పుడైనా నిద్ర లేచారా? అయితే మీకు ఒక సందేహం, ఆ బండి మీదున్న కుర్రాడికి మరో సందేహం ఉంటాయి. మీది: వీళ్లకి భయం ఉండదా? అతనిది: మోటోజీపీ బైకు రేసుల్లో 366 కి.మీ. వేగంతో వెళ్తే ఆట, చప్పట్లు. నేను ఇక్కడ 100లో వెళ్తే నేరం. ఏమిటి తేడా? నిజం చెప్పాలంటే అతని ప్రశ్నే మంచిది. దానికి కోప్పడకుండా, లెక్కతో జవాబు చెప్పాలి.

బండి ఆగడంలో రెండు దశలున్నాయి. కన్ను చూడాలి, మెదడు గ్రహించాలి, వేళ్లు బ్రేకు లివర్ నొక్కాలి. ఎంత చురుకైనవాడికైనా ఇందుకు దాదాపు ఒక సెకను పడుతుంది. ఆ సెకనంతా బండి పూర్తి వేగంతోనే పోతుంటుంది. ఆ తర్వాతే టైరు రోడ్డును పట్టుకోవడం మొదలవుతుంది. రోడ్డు పొడిగా ఉంది, టైర్లు బాగున్నాయి, బ్రేకు వేయడం తెలిసిన చెయ్యే అనుకుందాం. గంటకు 40 కి.మీ. వేగంలో మొత్తం 20 మీటర్లలో ఆగుతుంది: ఒక పిచ్. 60లో 36 మీటర్ల పైచిలుకు, రెండు పిచ్‌లకు కొంచెం తక్కువ. 80లో 57. వందలో 83 మీటర్లు, అంటే నాలుగు పిచ్‌లు దాటాకే. 120లో 113 మీటర్లు, అయిదున్నర పిచ్‌లు. వేగం రెట్టింపైతే బ్రేకుకు పట్టే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది.

‘నాలుగు పిచ్‌లే కదా, ముందే చూసుకుంటాను’ అనిపించవచ్చు. ఇంకో లెక్క చూడండి. మూడు బండ్లు పక్కపక్కన వస్తున్నాయి: ఒకటి 60లో, ఒకటి 80లో, ఒకటి వందలో. ముగ్గురికీ ఒకే క్షణంలో ఎదురుగా ఆగిన ఆటో కనబడింది. ముగ్గురూ ఒకేసారి బ్రేకు వేశారు. 60లో వచ్చినవాడు ఆటోను తాకీ తాకకుండా ఆగాడు. అదే చోట 80లో వచ్చినవాడి బండి ఇంకా 62 కి.మీ. వేగంతో ఉంటుంది. వందలో వచ్చినవాడిది 92. అంటే మొదటివాడు ఊపిరి పీల్చుకునే చోట, మూడోవాడు బ్రేకు వేసి కూడా దాదాపు వేయనట్టే గుద్దుతాడు. ముందు ఆ ఒక్క సెకనులోనే 28 మీటర్లు కరిగిపోయాయి మరి.

ఇదంతా శుభ్రమైన తారు రోడ్డు లెక్క. నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల రోడ్లు అలా ఉంటాయా? లారీల నుంచి జారిన ఇసుక, కారిన ఆయిలు, మ్యాన్‌హోల్ మూతలు. ఉప్పల్ నుంచి నారపల్లి వైపు చూస్తే 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగిన ఎలివేటెడ్ కారిడార్ పనులు, ఆ దుమ్ము, ఆ గుంతలు. టైరు పట్టు సగానికి తగ్గితే వందలో వెళ్లే బండి ఆగడానికి 138 మీటర్లు కావాలి. దాదాపు ఏడు పిచ్‌లు.

ఇక కుర్రాళ్లు చెప్పే రెండో మాట: ‘రాత్రి రెండింటికి రోడ్డు ఖాళీ’. ఖాళీ అనేది మనకు కనిపించినంత మేరకే. బైకు హెడ్‌లైటు లో బీమ్‌లో, అంటే కిందికి దించిన వెలుగులో, దాదాపు 50 మీటర్లు చూపిస్తుందనుకుందాం. వందలో ఆగడానికి 83 కావాలి. కాబట్టి వెలుగులోకి వచ్చిన గేదెనో మనిషినో చూసిన క్షణంలోనే బ్రేకు వేసినా, తగిలేసరికి వేగం ఇంకా 77 దగ్గర ఉంటుంది. చూపు ఆగిపోయే దూరం కన్నా బండి ఆగే దూరం ఎక్కువన్నమాట. ఇది ధైర్యానికి సంబంధించిన సంగతి కాదు, తీసివేత లెక్క.

ఆ మనిషి వైపు నుంచి కూడా చూడాలి. ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు ముగించుకుని ఒకామె రోడ్డు దాటుతోందనుకోండి. ఫుట్‌పాత్ నుంచి మెట్రో పిల్లర్ల మధ్యనున్న డివైడర్ దాకా ఓ పది మీటర్లు. మామూలు నడకలో 8, 9 సెకన్లు. అటు చూసింది. 200 మీటర్ల దూరంలో ఒక లైటు. మన రోడ్ల మీద ఆమె జీవితమంతా చూసిన బండ్లు 40లో వచ్చేవే. 40లో ఆ లైటు తన దగ్గరికి రావడానికి 18 సెకన్లు పడుతుంది, కావలసినదానికి రెట్టింపు సమయం. అడుగు వేసింది. ఆ బండి వందలో వస్తుంటే 7 సెకన్లలో అక్కడుంటుంది. ఆమె లెక్క తప్పలేదు. తనకు ఎవరూ చెప్పని అంకె ఒకటి అందులో ఉంది. చీకట్లో ఒంటి దీపాన్ని చూసి దాని వేగం పసిగట్టడం ఎవరికైనా కష్టమే. కారు ముందు భాగం తగిలినప్పుడు పాదచారి చనిపోయే ప్రమాదం, వేగం 50 నుంచి 65కి పెరిగితేనే నాలుగున్నర రెట్లు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇక్కడ మాట్లాడుతున్నది వంద గురించి.

పందెంలో లేనివాళ్లు పోవడం ఊహ కాదు. 2019 నవంబరు 23న గచ్చిబౌలి దగ్గర బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద, 40 కి.మీ. పరిమితి ఉన్న చోట ఒక కారు వంద దాటిన వేగంతో వచ్చి, అంచు దాటి కింద పడింది. కింద తన దారిన తాను నిలబడి ఉన్న ఒక మహిళ చనిపోయింది. ఆ ఫ్లైఓవర్ తెరిచి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. ఆ కారుకి పోటీగా ఇంకో కారు లేదు. అయినా ఫలితం అదే.

మూడో మాట అన్నిటికన్నా గట్టిది: ‘నాకు బండి మీద పట్టుంది’. ఉండవచ్చు. మార్క్ మార్కెజ్ కన్నా ఎక్కువ ఉందా? 2017లో అతను మోటోజీపీ ప్రపంచ విజేత. ఆ ఒక్క సీజనులోనే ప్రాక్టీసులు, పోటీలు కలిపి 27 సార్లు కింద పడ్డాడు. లోకంలో అందరికన్నా బాగా నడిపేవాడు ఏడాదిలో 27 సార్లు పడి, లేచి, టైటిల్ కూడా గెలిచాడంటే, అతన్ని బతికించింది నైపుణ్యం ఒక్కటే కాదు. పడ్డాక జారిపోవడానికి చోటుంది. మలుపు బయట గడ్డి, కంకర పరిచిన ఖాళీ స్థలం ఉంటుంది. దాన్ని రనాఫ్ అంటారు. అదుపు తప్పినవాడు దేనికీ తగలకుండా వేగం పోగొట్టుకునే జాగా. దాని చివర టైర్ల గోడ. ఒంటిమీద లెదర్ సూటు, అందులో పడగానే ఉబ్బే ఎయిర్‌బ్యాగ్ (2018 నుంచి మోటోజీపీలో తప్పనిసరి). ప్రతి మలుపు దగ్గరా జెండాలతో మార్షల్స్, అంటే వెనక వచ్చేవాళ్లను హెచ్చరించే మనుషులు. అంబులెన్సు సిద్ధంగా లేకపోతే బండ్లను ట్రాక్ మీదికి వదలరు.

ఆ రనాఫ్ ఒక్కటీ తీసేసి, నైపుణ్యం, మిగతా వసతులు ఉంచితే ఏమవుతుంది? ఆ ప్రయోగం నూరేళ్లకు పైగా జరుగుతూనే ఉంది. ఇంగ్లండ్‌కు, ఐర్లండ్‌కు నడుమ సముద్రంలో ఐల్ ఆఫ్ మ్యాన్ అనే దీవి ఉంది. అక్కడ ఏటా టీటీ పేరుతో మామూలు రోడ్లను మూసేసి బైకు రేసులు పెడతారు. ఒక చుట్టు 60 కి.మీ. పైన. 2023లో నమోదైన రికార్డు చుట్టులో సగటు వేగమే గంటకు 219 కి.మీ. నడిపేవాళ్లు ఆరితేరినవాళ్లు. ఎదురు వాహనాలు లేవు, పాదచారులు లేరు, హెలికాప్టర్ సిద్ధంగా ఉంటుంది. ఉన్న తేడా ఒక్కటే: రోడ్డు పక్కన ఇళ్ల గోడలు, చెట్లు, కరెంటు స్తంభాలు ఎక్కడివక్కడే ఉంటాయి. 1911 నుంచి ఆ దారిలో 260 మందికి పైగా రేసర్లు చనిపోయారు. 2022లో ఒక్క పండగలోనే ఆరుగురు. 1972లో అక్కడ ఒక రేసరు చనిపోయాక ఆనాటి మేటి ఆటగాడు జాకొమో అగొస్తీని ఇక రానన్నాడు. 1976 తర్వాత ఆ రేసును ప్రపంచ ఛాంపియన్‌షిప్ నుంచే తప్పించారు.

ఇప్పుడు ఆ దీవి రోడ్డును తీసుకుని, మూసెయ్యకుండా, హెలికాప్టర్ తీసేసి, మెట్రో పిల్లర్లు, యూటర్న్‌లు, డివైడర్ మీద పడుకున్న కుక్కలు, రాంగ్ రూట్‌లో వచ్చే ఆటో కలపండి. నడిపేవాడికి లెదర్ సూటు బదులు టీషర్టు వేయండి. ఉప్పల్ రోడ్డు తయారైంది.

‘మరి హైదరాబాద్ రోడ్ల మీదే ఫార్ములా ఈ కార్ల రేసు జరగలేదా?’ అంటే, జరిగింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున, ఎన్టీఆర్ మార్గ్ చుట్టూ 2.8 కి.మీ. దారిలో, 18 మలుపులతో. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. కానీ ఆ ముప్పావు గంట ముచ్చటకు ఎంత చేయాల్సి వచ్చిందో గుర్తు చేసుకోండి. రోజుల తరబడి ట్రాఫిక్ మళ్లింపులు, దారి పొడుగునా కాంక్రీటు దిమ్మెలు, వాటి మీద ఎత్తైన ఇనుప వల, కొత్తగా వేసిన తారు. అంత చేసినా రేసుకు ముందురోజు మామూలు వాహనాలు ట్రాక్ మీదికి వచ్చేశాయి. అంతకుముందు 2022 నవంబరులో అదే దారిలో ఇండియన్ రేసింగ్ లీగ్ తొలి విడత పెట్టి, పోటీ రేసులు జరపకుండానే ముగించారు. ఒక నగర రోడ్డును రెండు రోజులపాటు ట్రాక్‌గా మార్చడమే ఇంత కష్టం. రాత్రి రెండింటికి నలుగురు కుర్రాళ్లు, సెల్‌ఫోన్ టార్చితో ‘స్టార్ట్’ చెప్పే ఒక స్నేహితుడు ఆ పని చేయలేరు.

పక్కనే ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఉంది కదా, 158 కి.మీ., ఎనిమిది వరుసలు, అడ్డంగా ఎవరూ రారు అనేవాళ్లున్నారు. మొదట, దాని మీదికి ద్విచక్ర వాహనాలకు అనుమతే లేదు. రెండోది, ఆ రోడ్డుకు ఒక జ్ఞాపకం ఉంది. 2011 సెప్టెంబరులో ఒక ఆదివారం పొద్దున, పుప్పాలగూడ దగ్గర 1000 సీసీ బైకు అదుపు తప్పింది. మాజీ క్రికెట్ కెప్టెన్ అజహరుద్దీన్ కుమారుడు, 19 ఏళ్ల అయాజుద్దీన్, బంధువైన మరో కుర్రాడు ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. అది పందెమా కాదా అన్నది పక్కన పెడితే, నగరంలోకెల్లా నున్నటి, వెడల్పైన రోడ్డు కూడా రనాఫ్ ఇవ్వదు. అంచున ఉండేది ఉక్కు రెయిలింగే.

అలాగని ట్రాక్ అంటే పూర్తి భద్రం అనుకోకూడదు. మన దేశంలో పేరున్న ట్రాక్ చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. 2023 జనవరిలో అక్కడ అనుభవజ్ఞుడైన 59 ఏళ్ల కారు రేసరు కె.ఇ.కుమార్ ప్రమాదంలో చనిపోయారు. అదే ఏడాది ఆగస్టులో బెంగళూరుకు చెందిన 13 ఏళ్ల బైకు రేసరు కూడా. 13 ఏళ్ల పిల్లల్ని ఆ వేగాల్లోకి పంపడం మీద నాకు వ్యక్తిగతంగా అభ్యంతరమే. కానీ ఆ మరణాల తర్వాత ప్రశ్నలు అడగడానికి అక్కడ ఒక నిర్వాహకుడు, ఒక నియమావళి, ఒక సమాఖ్య ఉన్నాయి. ట్రాక్ మీదున్న ప్రతి ఒక్కరూ ఏమవుతుందో తెలిసి, సంతకం పెట్టి దిగినవారు. షిఫ్టు ముగించుకుని రోడ్డు దాటుతున్న ఆమె ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. నా దృష్టిలో ట్రాక్‌కీ రోడ్డుకీ మధ్య అన్నిటికన్నా పెద్ద తేడా ఇదే.

మొత్తం బొమ్మ కూడా ఒకసారి చూద్దాం. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. గంటకు 19 మంది. తెలంగాణలో 7,559 మంది, రోజుకు సుమారు 21 మంది. దేశంలోని మరణాల్లో 71 శాతానికి కారణం అతివేగమని రాశారు. అందులో వీధి పందేలకు వేరే గడి ఉండదు, అతివేగం ఖాతాలోనే కలిసిపోతాయి. హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029 మంది. వారిలో 14 వేల మందికి పైగా వెనక సీట్లో కూర్చున్నవాళ్లు.

ఇక డబ్బు సంగతి. చాలా ఇళ్లలో దీని గురించి మాట్లాడుకోరు, మాట్లాడుకోవాలి. 150 నుంచి 350 సీసీ బండికి థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల నష్టపోయిన ఎదుటివాళ్లకు చెల్లించే బీమా, 2022లో నిర్ణయించిన రేటు ప్రకారం ఏడాదికి రూ.1,366. ఆ కాస్త సొమ్ముతో ఎదుటి మనిషి ప్రాణానికి కోర్టు ఎంత పరిహారం కట్టినా కంపెనీ భరిస్తుంది. కానీ పాలసీ కాగితం వెనక చిన్న అక్షరాల్లో, రేసింగుకు, వేగ పరీక్షలకు వాడితే వర్తించదని ఉంటుంది. మోటారు వాహనాల చట్టం కూడా ఆ మినహాయింపును ఒప్పుకుంటుంది. పోటీ జరిగిందని రుజువైతే కంపెనీ చేతులెత్తేయవచ్చు. లేదా ముందు చెల్లించి, తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఆర్.సి. ఎవరి పేరున ఉంది? చాలాసార్లు నాన్న పేరున.

ఆ మొత్తం ఎంతుంటుంది? నెలకు రూ.20,000 సంపాదించే 30 ఏళ్ల మనిషి చనిపోయాడనుకుందాం. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. ఏడాది సంపాదన రూ.2,40,000. భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద, సొంత పని లేదా స్థిర జీతం ఉన్నవారికి 40 శాతం కలుపుతారు: రూ.3,36,000. అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు: రూ.2,52,000. ఆ వయసుకు సుప్రీంకోర్టు నిర్ణయించిన గుణకం 17. హెచ్చిస్తే రూ.42,84,000. అంత్యక్రియల ఖర్చులు, వడ్డీ వంటివి దీనికి అదనం. నెలకు రూ.15,000 చొప్పున కడితే, వడ్డీ లేకుండానే దాదాపు 24 ఏళ్లు. పందెం కాసిన కుర్రాడికి 20 ఏళ్లయితే, తీరేసరికి 44.

పోయింది తనే అయితే? 2025 జులైలో కర్ణాటక కేసు ఒకదానిలో, వేరే వాహనం ప్రమేయం లేకుండా తన దుడుకు డ్రైవింగ్ వల్లనే చనిపోయిన వ్యక్తి కుటుంబానికి బీమా కంపెనీ పరిహారం ఇవ్వనక్కర్లేదన్న తీర్పులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు.

శిక్షల విషయం క్లుప్తంగా. అనుమతి లేకుండా రోడ్డు మీద రేసు పెడితే 2019 సవరణ ప్రకారం మొదటిసారి 3 నెలల దాకా జైలు లేదా రూ.5,000 దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఏడాది, రూ.10,000. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే భారతీయ న్యాయ సంహిత కింద అయిదేళ్ల దాకా జైలు. బండి నడిపింది 18 నిండని పిల్లాడైతే శిక్ష పెద్దవాళ్లకు: బండి ఇచ్చిన తల్లిదండ్రులకో యజమానికో మూడేళ్ల దాకా జైలు, రూ.25,000 జరిమానా, ఏడాదిపాటు రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు.

వేగం మీద మోజు ఇవన్నీ చెబితే పోదు, పోవాలని కూడా నేను అనను. దానికి దారులున్నాయి. బైకులకు, కార్లకు ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే, గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ ఉన్నాయి. ట్రాక్ డే అనేది పోటీ కాదు. రుసుము కట్టి, శిక్షకుల పర్యవేక్షణలో సొంత బండిని ట్రాక్ మీద నడుపుకునే రోజు. లెదర్ సూటు, మంచి హెల్మెట్, చేతి తొడుగులు, బూట్లు లేకపోతే రానివ్వరు. ముందు బండిని తనిఖీ చేసి ఆయిలు కారుతోందా, బ్రేకు ప్యాడ్లు ఉన్నాయా చూస్తారు. పోటీల్లో దిగాలంటే జాతీయ మోటార్ క్రీడా సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ లైసెన్సు కావాలి. అందరికీ ఒకే రకం బండ్లను కంపెనీలే ఇచ్చి నడిపే పోటీలు కూడా ఉన్నాయి కాబట్టి, ఖరీదైన బైకు లేదని ఆగిపోనక్కర్లేదు. చవక మాత్రం కాదు. ప్రయాణం, సూటు, రుసుము కలిపితే చిన్న జీతానికి భారమే, ఆ మాట దాచడంలో అర్థం లేదు.

నాచారంలో ఉండే 16 ఏళ్ల కుర్రాడికి చెన్నై దాకా ఎందుకు, మొదట శంషాబాద్ వైపు ఉన్న చికేన్ సర్క్యూట్ లాంటి కార్టింగ్ ట్రాక్ చాలు. కార్ట్ వాళ్లే ఇస్తారు, హెల్మెట్ వాళ్లే ఇస్తారు, సొంత బండి అక్కర్లేదు. ప్రతి చుట్టు సమయాన్నీ సెకనులో వెయ్యో వంతు దాకా కొలిచి కాగితం మీద ఇస్తారు. ఎవరు గెలిచారో వాదించుకోవాల్సిన పని ఉండదు. వెళ్లేముందు ఫోన్ చేసి వయసు, ఎత్తు నిబంధనలు కనుక్కోండి. 18 లోపువాళ్లకు తల్లిదండ్రుల సంతకం అడుగుతారు, కాబట్టి మొదటిసారి మీరూ వెంట వెళ్లండి.